నోరు తెరిచి చూపించు

ఆ వారంలో రత్నకుమారి చేతికి వచ్చిన నాలుగో గ్లాసు బీట్‌రూట్ రసం అది. స్టీలు గ్లాసు, దాని మీద మూతగా చిన్న పళ్ళెం, పళ్ళెం తీయగానే గుప్పుమని పచ్చి మట్టి వాసన. లక్ష్మీప్రసన్న అంగన్‌వాడీ సెంటరు గుమ్మంలో నిలబడి, ఏడో నెల పొట్ట మీద ఒక చెయ్యేసుకుని, రెండో చేత్తో గ్లాసు చాపింది.

"కాదనకండి టీచర్ గారూ. తాగేయండి. రక్తం పడుతుందండీ."

రక్తం పడుతుందట! ఉన్న రక్తమే ఎక్కువై చస్తుంటే ఇంకా పట్టాలట! రత్నకుమారి పైకి మాత్రం పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "ఎందుకమ్మా నీకు శ్రమ? అక్కడ పెట్టు, తాగుతాను" అంది. పిల్ల వీధి మలుపు తిరిగేదాకా ఆగి, గ్లాసు పట్టుకుని సెంటరు వెనక్కి వెళ్ళి, కాలవగట్టు మీద తుప్పల్లో ఒంపేసింది. తుప్పల కింద మట్టి ఎర్రబడింది. థూ అని అటు ఉమ్మేసి వచ్చింది.

ఆవిడ అసలు ఇలాంటి మనిషి కాదు. ఉంగుటూరు దాటి కాలవ వెంట లోపలికి వెళితే వచ్చే ఆ చిన్న ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా అంగన్‌వాడీ టీచరు. కంచంలో మెతుకు మిగిల్చినా ఊరుకోదు. ఆ ఊళ్ళో ఇరవయ్యేళ్ళ లోపు ప్రతి పిల్లా పిల్లాడూ ఆవిడ తూచినవాళ్ళే, వాళ్ళ తల్లులంతా ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే. కడుపుతో ఉన్న ప్రతి ఆడపిల్లనీ బల్ల ముందు నిలబెట్టి, ఐరన్ బిళ్ళ చేతిలో పెట్టి, నీళ్ళిచ్చి, మింగాక "నోరు తెరిచి చూపించు" అనేది. "నాలిక ఎత్తు. ఇటు బుగ్గ. అటు బుగ్గ. ఊఁ, పో." ఆ బిళ్ళలంటే ఎవరికీ గిట్టదు మరి, బుగ్గన దాచుకుని బయటికెళ్ళి ఊసేస్తారు. రక్తం బిళ్ళలని వాటికి ఊళ్ళో పేరు. సెంటరు గోడ మీద బీట్‌రూటు, మునగాకు, కోడిగుడ్డు బొమ్మలు ఆవిడే రంగులతో వేసి, కింద "రక్తమే బలం" అని రాసింది.

అలాంటి టీచరు గారికి రక్తంలో ఏదో జబ్బట అన్న మాట ఊళ్ళో పడింది. ఇంకేముంది! ఊరికి తెలిసిన రక్తం జబ్బు ఒక్కటే, ఆవిడ నేర్పిందే. రక్తం తక్కువ. రక్తం ఎక్కువయ్యే జబ్బొకటుందని ఆవిడకే మొన్నమొన్నటిదాకా తెలీదు.

జరిగిందిది. ఆర్నెల్లుగా ఆవిడకి తల దిమ్ము, నీరసం. స్నానం చేసి వచ్చిందంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టు దురద, చూస్తే ఒక్క దద్దురు ఉండదు. అరికాళ్ళలో మంట. కళ్ళజోడు మారిస్తే తల దిమ్ము పోతుందేమోనని తాడేపల్లిగూడెం వెళితే, కళ్ళ డాక్టరు లోపలికి లైటేసి చూసి, "కళ్ళజోడు సంగతి తర్వాత, ముందు రక్తం పరీక్ష చేయించుకోండమ్మా" అన్నాడు. హిమోగ్లోబిన్ పందొమ్మిదిన్నర. ల్యాబులో అమ్మాయి మిషను తప్పనుకుని మళ్ళీ గుచ్చింది. మళ్ళీ పందొమ్మిదిన్నరే. గర్భిణులకి పదకొండొస్తే పండగ చేసుకునే రత్నకుమారికి ఆ అంకె చూడగానే ముందు, సిగ్గులేకుండా, గర్వమేసింది.

అక్కణ్ణించి ఏలూరు. అక్కడొక ప్రైవేటు ఆస్పత్రికి వారానికోసారి విజయవాడ నుంచి రక్తం జబ్బుల డాక్టరొకాయన వస్తాడు. గురువారం డాక్టరు అంటే అందరికీ తెలుసు. ఆయన ఆవిణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ డొక్క కింద నాలుగు వేళ్ళు గుచ్చి, "ఊపిరి బాగా పీల్చండమ్మా... ఆఁ, ప్లీహం కొంచెం పెరిగింది" అన్నాడు.

"అంటే ఏంటండీ?" అన్నాడు పక్కనున్న ఆవిడ భర్త దేవదానం.

"మాంసం కొట్లో తిల్లి అంటారే, అదేనండీ."

ఎముకల మూలుగలో రక్తం తయారయ్యే చోట అదుపు తప్పి ఉండొచ్చు, ఇంకేదైనా కారణం ఉండొచ్చు. తెలియాలంటే నమూనా హైదరాబాదు పంపాలి. జవాబుకి రెండు వారాలు. "అదుపు తప్పడమంటే క్యాన్సరాండీ?" అని దేవదానం అడిగితే, "జవాబు రానివ్వండి" అన్నాడాయన. అనేసి, కాగితం మీద ఏదో రాసుకుంటూ ఇంకో ప్రశ్న వేశాడు.

"మందులేమైనా వాడుతున్నారా అమ్మా? ఐరన్, టానిక్కులు, ఆకు మందులు?"

"లేదండీ" అంది రత్నకుమారి.

పచ్చి అబద్ధం. నాలుగు నెలలుగా రోజుకి రెండేసి రక్తం బిళ్ళలు మింగుతోంది. నీరసమంటే రక్తం లేకపోవడమే కదా. ఆవిడ పాఠంలో నీరసానికి ఇంకో అర్థం లేదు. పురుళ్ళయిపోయినవాళ్ళు మిగిలిన పట్టీలు తెచ్చి సెంటర్లో పడేస్తే, పారేయడం దేనికని ఇంటికి తెచ్చుకుంది. పరీక్షా లేదు, పాడూ లేదు. డాక్టర్నడక్కుండా మందు మింగకండి అని ఊరందరి మీదా అరిచే మనిషి! ఆ సంగతి డాక్టరు ముందు, అందులోనూ మొగుడి ముందు, ఏ మొహంతో చెబుతుంది? చెప్పలేదు. ఇంటికి రాగానే మిగిలిన పట్టీలన్నీ వంటింట్లో రాగిపిండి డబ్బా వెనక, ఖాళీ ఆవకాయ జాడీలో కుక్కి మూత పెట్టేసింది. ఆ రోజు నుంచి ఒక్క బిళ్ళ మింగితే ఒట్టు.

ఇక మొదలైంది. జబ్బొచ్చిందా, తెచ్చుకున్నానా? హైదరాబాదు నుంచి వచ్చే కాగితం ఏమంటుంది? క్యాన్సరంటుందా, నీ తెలివితక్కువతనానికి నువ్వే చేసుకున్నావంటుందా? రెండిట్లో ఏది రావాలని కోరుకోవాలో కూడా తెలియలేదు. ప్రార్థన చేద్దామని మోకాళ్ళూనితే, "ప్రభువా" అన్నాక ఏమనాలో తోచక లేచి వచ్చేసేది.

భయం వేస్తే కొందరు ఏడుస్తారు, కొందరు తిండి మానేస్తారు. రత్నకుమారికి రోత పుట్టింది. ప్రతిదీ రోతే. దేవదానం గుండుగొలను దిగువన, కొల్లేరు వైపు, చేపల చెరువుల దగ్గర మేత వేయించే మేస్త్రీ. తవుడూ, చెక్కా, నీచూ కలిసిన వాసనతో ఆ మనిషి పాతికేళ్ళుగా సాయంత్రం ఇంటికొస్తూనే ఉన్నాడు, ఆవిడ ఏనాడూ ముక్కు మూసుకున్నది లేదు. ఇప్పుడు గేటు చప్పుడైతే చాలు, డోకొస్తోంది. సెంటర్లో పిల్లల ముక్కులు తుడవాలంటే రోత. ఉడికిన గుడ్డు పెంకు తీస్తే రోత. బిళ్ళల డబ్బా ముట్టుకోవాలంటే మరీ రోత. గర్భిణులొస్తే డబ్బా వైపు వేలు చూపించి, "తీసుకుని ఇంటికెళ్ళి వేసుకోండి" అని మొహం తిప్పేసుకునేది. అన్నిటికంటే రోత అద్దంలో తన మొహం.

"ఎర్రగా బుర్రగా భలే ఉన్నారండీ టీచర్ గారూ" అని ఏడాదిగా ఎంతమంది అన్నారు! ఆవిడ మురిసిపోయింది కూడా. నలభై ఎనిమిదేళ్ళ మొహంలో ఇంత కళా అని ఆదివారం చర్చికి బయల్దేరేముందు రెండోసారి అద్దం చూసుకున్న రోజులున్నాయి. ఆ కళేమిటో ఇప్పుడు తెలిసింది. బుగ్గ మీద వేలు నొక్కి తీస్తే తెల్లబడి, మళ్ళీ ముదురెరుపు. ఛీ, ఇదా నా అందం, అనుకునేది.

పోనీ ఊళ్ళో వాళ్ళకి అసలు సంగతి చెప్పేస్తే? చెప్పింది! చర్చి బయట పెద్దావిడ వరమ్మతో, "తక్కువ కాదండీ, ఎక్కువట" అని విడమరిచి చెప్పింది. వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"రక్తం ఎక్కువైతే జబ్బేంటండీ, అదృష్టం గానీ! మేం కంగారుపడతామని అలా అంటున్నారు. మీ మంచితనం మాకు తెలీదాండీ?"

మర్నాడు వరమ్మ ఇంటి నుంచి ఖర్జూరాల పొట్లం వచ్చింది. ఈ కాలవల దేశంలో మర్యాద అనేదొకటుంది చూశారూ, దానంత మొండిది ఇంకోటి లేదు. "కొంచెమేనండీ", "మా మాట కోసమండీ" అంటూ మెత్తగా, నవ్వుతూ, గొంతు దాకా కుక్కిగానీ వదలదు. తినేవాళ్ళు కూడా "అయ్యో, ఎందుకండీ" అంటారు తప్ప "వద్దు" అన్న మాట నోట రానివ్వరు. రత్నకుమారీ ఆ నీళ్ళు తాగి పెరిగిన మనిషే. పసిపిల్లల తల్లుల మీద గొంతు చించుకుని అరవగలదు గానీ, గ్లాసు పట్టుకుని గుమ్మంలోకొచ్చినవాళ్ళని వెనక్కి పంపడం ఆవిడ వల్ల కాదు.

సోమవారం ఏలూరులో రక్తం తీశారు. జవాబు వచ్చేలోగా చిక్కదనం కొంత తగ్గాలని డాక్టరే చీటీ రాసిచ్చాడు. మంచం మీద పడుకోబెట్టి, మోచేతి దగ్గర లావుపాటి సూది గుచ్చితే, గొట్టంలోంచి సంచీలోకి రక్తం దిగింది. ఎర్రగా లేదు. నేరేడుపండు రంగులో, దిగనా వద్దా అన్నట్టు దిగింది. ఒళ్ళు జలదరించి మొహం తిప్పుకుంటే దేవదానం అప్పటికే గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

సంచీ నిండాక రత్నకుమారి అక్కడి సిస్టర్ని అడిగింది. "ఇది ఎవరికి ఎక్కిస్తారమ్మా?"

"ఎవరికీ ఎక్కించరండీ. జబ్బు రక్తం కదా, పనికిరాదు. పారేయడమే." ఆ పిల్ల మామూలుగానే చెప్పింది, చెప్పి సంచీని పసుపుపచ్చ చెత్తకవర్లో పడేసింది. తడిబట్ట పడ్డట్టు చప్పుడైంది.

బయట బెంచీ మీద ఒక ముసలావిడ పక్కనున్నవాళ్ళని బతిమాలుకుంటోంది. కోడలికి పురుడట, రక్తం రెండు సంచులు కావాలన్నారట, ఇచ్చేవాళ్ళు దొరకలేదట. రత్నకుమారి మోచేతి దగ్గర దూది నొక్కిపట్టుకుని, తల వంచుకుని ఆవిడ ముందునుంచి దొంగలా నడిచి వచ్చేసింది.  బస్సు దెందులూరు దాటాక దేవదానం, "చాలా నల్లగా ఉంది రత్నం" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ సాయంత్రానికే ఊళ్ళో గగ్గోలు. "ఉన్న రక్తం కూడా లాగేశారటండీ! ఇదేం వైద్యమండీ!" కబురు కాలవలు దాటి కొల్లేటి లంకల్లో ఉన్న దేవదానం చెల్లెలు మెర్సీకి చేరింది. మెర్సీ మంగళవారం మధ్యాహ్నానికల్లా క్యారేజీతో దిగింది. చెప్పులు విప్పుతూనే, "నువ్వు కూర్చో వదినా, లేవకు" అని కంచం పెట్టేసి, వేపుడు వడ్డించి, పక్కనే కూలబడింది.

నల్లగా, మెత్తగా, మిరియాల ఘాటు. కార్జం కాబోలనుకుంది రత్నకుమారి. లోపలి మాంసాలు ఆవిడ ఏనాడూ ముట్టదు. కానీ ఆడపడుచు ఆటోలు మారి తెచ్చింది, ఎదురుగా మొగుడు బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. మింగలేక కక్కలేక రెండు ముక్కలు లోపలికి తోసింది.

"ఏంటిది మెర్సీ?"

"తిల్లి వదినా. మేక తిల్లి. పొద్దున్నే కోయించి, దగ్గరుండి తీయించాను. రక్తం పట్టడానికి దీన్ని మించింది లేదు."

రత్నకుమారి చెయ్యి తనంతట తనే ఎడమ డొక్క మీదికి వెళ్ళింది. డాక్టరు వేళ్ళు గుచ్చిన చోటికి. లోపల పెరిగి కూర్చున్న తన తిల్లి, నోట్లో మేక తిల్లి. పెరట్లోకి పరిగెత్తింది. అరటిచెట్టు మొదట్లో కడుపులోదంతా బయటికొచ్చాక కూడా ఆగలేదు. వెనకనుంచి మెర్సీ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "చూశావా అన్నయ్యా? పైత్యం. రక్తం లేకపోతే ఇంతే. వదిన్ని వంటింట్లోకి రానివ్వకు. పొద్దున్నే రాగిజావ నువ్వే కాచిపెట్టు."

దేవదానం చెల్లెలి మాట జవదాటే మనిషి కాదు. బుధవారం నుంచి తనే జావ కాచాడు. పెళ్ళైన పాతికేళ్ళలో పొయ్యి వెలిగించని మగాడు, జావ ఉండకట్టకుండా తిప్పి, లోటాలో పోసి, ఆవిడ ముందు కూర్చుని, చివరి గుక్క దాకా కదిలేవాడు కాదు. జావ తుప్పు రుచిగా ఉండేది. తనకిప్పుడు అమృతమిచ్చినా తుప్పులాగే ఉంటుందిలే అనుకుని, ఊపిరి బిగబట్టి తాగేసేది.

శుక్రవారం పొద్దున దొడ్లోంచి వచ్చి మంచం మీద కూలబడింది.

ఇలాంటివి పైకి చెప్పుకోరు గానీ, ఇక్కడ చెప్పకపోతే కుదరదు. విరేచనం నల్లగా అయింది. రక్తం బిళ్ళలు మింగితే నల్లగానే అవుతుంది. "భయపడకండమ్మా" అని ఆవిడే వందమందికి చెప్పింది. కానీ మానేసి ఎనిమిది రోజులైంది, మధ్యలో మామూలుగా వచ్చింది కూడా. మళ్ళీ ఇప్పుడు తారులా ఇదేమిటి? నల్లగా రావడానికి రెండో కారణం కూడా ఆవిడకి తెలుసు. లోపల ఎక్కడో రక్తం కారుతుంటే అలాగే వస్తుంది. ఈ జబ్బే అయితే రక్తం గడ్డలు కట్టొచ్చు, కారనూ వచ్చు అని డాక్టరు అననే అన్నాడు.

శనివారం నలుపు. ఆదివారం నలుపు. చూడకూడదనుకుంటూనే ముక్కు మూసుకుని వంగి చూసేది, చూసినందుకు తన మీద తనకే అసహ్యమేసి నాలుగు బకెట్లు గుమ్మరించేది. చేతులు సబ్బుతో మూడుసార్లు రుద్దుకునేది. గురువారం దాకా ఆగితే? ఈలోగా లోపలంతా కారిపోతే? దేవదానంతో చెబుదామని వస్తే, ఆ మనిషి లోటాలో జావ చల్లార్చడానికి ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ కనిపించేవాడు. వెనక్కి వచ్చేసేది. చెబితే ఒకటి చెప్పి ఆపడానికి లేదు. జాడీ దాకా చెప్పాలి.

బుధవారం పొద్దున, అంటే జవాబు ఇంకొక్క రోజుందనగా, భయానికి దొడ్లోకి కూడా వెళ్ళకుండా సగంలో వెనక్కి తిరిగొచ్చింది. వంటింట్లో టకటకమని చప్పుడు. దేవదానం నేల మీద బాసింపట్టు వేసుకుని, పేపరు మడతలో ఏదో పెట్టి, అప్పడాల కర్రతో దంచుతున్నాడు. పక్కన ఆవకాయ జాడీ. పేపరు విప్పితే లోపల ముదురెరుపు పొడి.

"ఏం చేస్తున్నారు మీరు?"

దేవదానం ఉలిక్కిపడి కర్ర వదిలేశాడు. "అది కాదు రత్నం... నువ్వు మింగట్లేదని..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన బుధవారం నుంచి. రాగిపిండి కోసం చెయ్యి పెడితే జాడీ తగిలింది. ఇన్ని బిళ్ళలు! నల్ల రక్తం తీసేశారుగా, కొత్తది పట్టడానికి డాక్టరు ఇచ్చినవి మింగకుండా దాచేస్తున్నావనుకున్నాను. అడిగితే నువ్వొప్పుకుంటావా? అందుకని రోజుకి మూడు..."

"నన్ను చంపేస్తున్నారు! విషం పెడుతున్నారు నాకు! ఛీ! ఛీ ఛీ!" పొయ్యి మీద జావ గిన్నెని పట్టకారతో ఎత్తి పెరట్లోకి విసిరికొట్టింది. "ఎవరు చెప్పారు మీకు కలపమని? ఆ మెర్సీయేనా?"

"నువ్వే చెప్పావు" అన్నాడు దేవదానం. నోట్లో నాలుక లేని మనిషి గొంతు ఆ రోజు పెరిగింది. "తల్లుల మీటింగులో అత్తలందరినీ కూర్చోబెట్టి చెప్పలేదూ? కోడలు బిళ్ళ మింగకపోతే పొడిచేసి జావలో కలిపి పెట్టండి, అని. మైకు పట్టుకుంది నేనే కదా."

 రత్నకుమారికి అంతలో ఇంకో సంగతి తట్టింది. అయితే ఆ నలుపు బిళ్ళలదే! లోపల ఏమీ కారట్లేదు! గడప మీద కూలబడి, నవ్వో ఏడుపో తెలీకుండా చీర చెంగు నోట్లో కుక్కుకుంది. దేవదానం దగ్గరికి రావాలో వద్దో తెలియక, చేతులకంటిన ఎర్రపొడి లుంగీకి తుడుచుకున్నాడు.

మెల్లగా అడిగాడు. "డాక్టరు ఇవ్వకపోతే, ఇవి ఎక్కడివి రత్నం?"

ఇక దాచడానికి ఏముంది? చెప్పింది. నాలుగు నెలలు, రోజుకి రెండు, డాక్టరు దగ్గర ఆడిన అబద్ధం, అన్నీ గోడకి చెప్పినట్టు చెప్పింది. ఆయన కోప్పడితే బావుండుననిపించింది. కోప్పడలేదు.

"పక్కలో ఉన్నవాణ్ణి. నాకొక్క మాట చెప్పలేకపోయావు" అన్నాడు. "సరే. రేపు ఆయనకి చెబుదాం."

"నేను చెప్పలేనండీ. సిగ్గు నాకు."

"మరి నేను కలిపింది చెప్పొద్దా? నాకు లేదా సిగ్గు?"

గురువారం డాక్టరు ముందు కాగితాలు రెండున్నాయి. ఒకటి హైదరాబాదుది. అది తీయకుండా ఆయన ముందు పొద్దున తీసిన పరీక్ష చూసి నొసలు చిట్లించాడు. "సంచీడు రక్తం తీశాక దిగాల్సినంత దిగలేదేమ్మా?"

రత్నకుమారి దేవదానం వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. "నేను అబద్ధం చెప్పానండీ" అంది. మొదలుపెట్టాక మధ్యలో ఆపలేదు. ఆవిడ నాలుగు నెలలు ఆవిడ చెప్పుకుంది, ఆయన వారం ఆయన చెప్పుకున్నాడు. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మొగుడూ పెళ్ళాం కలిసి దానికి మేత బాగానే వేశారండీ" అన్నాడు. తర్వాత హైదరాబాదు కాగితం ఇటు తిప్పాడు. "జబ్బు ఉందమ్మా. మూలుగలోదే. బిళ్ళల వల్ల వచ్చింది కాదు, మీరు మింగినా మింగకపోయినా వచ్చేదే. కాకపోతే ఆ బిళ్ళలు దాన్ని ఎగదోశాయి."

"క్యాన్సరేనాండీ?"

"ఆ జాతిదే. మెల్లగా నడిచే రకం. చిన్న బిళ్ళ ఒకటి రాస్తాను, అవసరమైనప్పుడల్లా రక్తం తీయించుకోవాలి. ఐరన్ జోలికి మాత్రం వెళ్ళకండి. మాట వింటే, మీరు రిటైరయ్యాక కూడా నన్ను తిట్టుకుంటూ ఈ మెట్లెక్కుతారు."

రత్నకుమారికి ఏడుపు రాలేదు. తను తెచ్చుకున్నది కాదన్న మాట, ఉందన్న మాట, రెండూ ఒకేసారి మీద పడి ఏది బరువో తెలియలేదు. దేవదానమే తల ఊపుతున్నాడు. "మేత ఎక్కువైతే చెరువులో నీళ్ళు చిక్కబడతాయండీ. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. అప్పుడు మేత ఆపేసి, పాత నీళ్ళు తోడించేస్తాం. అంతేనాండీ?"

"అంతేనండీ" అన్నాడు డాక్టరు. "మీకు నేను వేరే చెప్పక్కర్లేదు."

తిరుగుబస్సులో దేవదానం పక్కన కూర్చుంటే నీచు వాసన వచ్చింది. వచ్చింది, అంతే. ఆవిడ ముక్కు మూసుకోలేదు.

శుక్రవారం సెంటర్లో గర్భిణులకి రక్తం పరీక్ష. ఏఎన్ఎం నర్సమ్మ ఒక్కొక్కరి వేలు గుచ్చి అంకె చెబుతుంటే రత్నకుమారి రాసుకుంటోంది. పది. తొమ్మిదిన్నర. లక్ష్మీప్రసన్న దగ్గర ఏఎన్ఎం ఆగి మళ్ళీ చూసింది. "ఏడున్నర."

"పోయిన నెల తొమ్మిది కదా!" రత్నకుమారి పెన్ను ఆగిపోయింది. తలెత్తి ఆ పిల్లని చూసింది. రెండు వారాలుగా రోజూ గుమ్మంలో నిలబడిన పిల్లే. మొహం సున్నం కొట్టినట్టుంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. చేతిలో మూతపెట్టిన స్టీలు గ్లాసు ఉంది.

"బిళ్ళలు మింగుతున్నావా?"

లక్ష్మీప్రసన్న తల దించుకుని కాలి బొటనవేలితో నేల రాసింది. "మీరు నోరు తెరిపించట్లేదు కదండీ... వికారమండీ నాకు."

"ఈ బీట్‌రూట్లు ఎక్కడివి?"

"మా అత్తగారు గూడెం నుంచి తెస్తారండీ. నాకోసమే. మొన్న డాక్టరమ్మ రోజూ తాగమన్నారని." పిల్ల గ్లాసు ముందుకి జరిపింది. "నాకేముందండీ, చిన్నదాన్ని, రేపైనా తాగుతాను. మీకు పెద్ద జబ్బు. ముందు మీకు పట్టాలి కదండీ రక్తం. నా పిల్లల్ని మీరే కదా చూడాలి."

రత్నకుమారికి తుప్పలు కళ్ళ ముందు మెదిలాయి. రోజుకో గ్లాసు. పిల్ల మలుపు తిరిగేదాకా ఆగి, మట్టిలో ఒంపి, పైన థూ అని ఉమ్మేసి వచ్చిన గ్లాసులు. ఏలూరు బెంచీ మీద బతిమాలుకుంటున్న ముసలావిడ కూడా గుర్తొచ్చింది. ఈ పదిహేను రోజుల్లో ఆవిడ అసహ్యపడనిది లేదు; ఇప్పుడు పుట్టినంత అసహ్యం దేని మీదా పుట్టలేదు, అదీ తన మీద.

"వద్దు" అంది.

ఆ మాట అంత గట్టిగా ఆవిడ నోట ఎవరూ వినలేదు. ఏఎన్ఎం కూడా తలెత్తింది. లక్ష్మీప్రసన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వద్దమ్మా. నాకు వద్దు. నేను తాగకూడదు. ఇన్నాళ్ళూ నువ్విచ్చిందంతా తుప్పల్లో పోశాను." గ్లాసు పిల్ల వైపే తోసింది. "కూర్చో. ఇది నువ్వు తాగు. నా ఎదురుగా తాగు."

పిల్ల రెండు చేతులా గ్లాసు పట్టుకుని గుక్క గుక్కకీ ఆవిణ్ణి చూస్తూ తాగింది. గ్లాసు బోర్లించి చూశాక రత్నకుమారి బల్ల మీద డబ్బా మూత తీసింది. ఈసారి చెయ్యి వెనక్కి పోలేదు. ఒక బిళ్ళ తీసి ఆ అరచేతిలో పెట్టి, నీళ్ళిచ్చింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని మింగింది.

"నోరు తెరిచి చూపించు."

తెరిచింది. బీట్‌రూట్‌తో నాలుకంతా ఎర్రగా ఉంది.

"నాలిక ఎత్తు. ఇటు బుగ్గ. అటు బుగ్గ." ఎక్కడా ఏమీ లేదు.

"ఊఁ" అంది రత్నకుమారి. "పో" అనలేకపోయింది.